ఊరందరినీ సాగనంపినవాడు

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్‌కు వాయవ్యంగా, హ్యూరాన్ నది పక్కన మిల్ఫర్డ్ అనే చిన్న ఊరుంది. అక్కడ ఇంట్లో ఎవరైనా కన్నుమూస్తే, అర్ధరాత్రయినా సరే, చాలామంది ముందు ఫోన్ చేసింది థామస్ లించ్‌కే. ఆయన ఆ ఊరి ఫ్యునరల్ డైరెక్టర్‌గా పనిచేశాడు. శవాన్ని తీసుకొచ్చి, కడిగి, బట్టలు తొడిగి, పేటికలో ఉంచి, చర్చికీ అక్కణ్నుంచి శ్మశానానికీ చేర్చడం ఆయన వృత్తి. మరణ ధ్రువపత్రం, పత్రికలో ప్రకటన, పువ్వులు, పాస్టరుగారికి కబురు, అన్నీ ఆయనే చూసుకునేవాడు. ఏటా రెండొందల మందిదాకా ఆయన చేతుల మీదుగా వెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది ముఖం తెలిసినవాళ్లే.

మన ఊళ్లలో ఈ పని ఏ ఒక్కరిదీ కాదు. పాడె కట్టేది ఒకరు, డప్పు కొట్టేది ఒకరు, కాష్ఠం పేర్చేది ఇంకొకరు, మంత్రం చెప్పేది మరొకరు. పనిని కులాలవారీగా పంచి, శవం దగ్గర నిలబడేవాణ్ని ఊరవతలే ఉంచాం. అమెరికా ఊళ్లలో అదే పని చేసేవాడు కోటు తొడుక్కుని వర్తక సంఘం సమావేశంలో ముందువరసలో కూర్చుంటాడు. ఈ తేడా గురించి మనం సిగ్గుపడాల్సిందే.

ఆ కోటు కూడా మొదటినుంచీ ఉన్నది కాదు. ఒకప్పుడు అక్కడా కుర్చీలూ బల్లలూ చేసే వడ్రంగే శవపేటికా చేసేవాడు. శవాన్ని ఇంట్లో ఆడవాళ్లే కడిగేవారు. అంతర్యుద్ధంలో దూరప్రాంతాల్లో చనిపోయిన సైనికులను ఇళ్లకు పంపాల్సి రావడంతో ఎంబామింగ్ పుంజుకుంది. 1865లో అధ్యక్షుడు లింకన్ భౌతికకాయాన్ని వాషింగ్టన్ నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్ దాకా రైల్లో, ఊరూరా జనానికి చూపిస్తూ తీసుకెళ్లారు. చెడకుండా ఉంచే ఆ విద్య ఏమిటో దేశమంతా కళ్లారా చూసింది. తర్వాత అదొక చదువైంది, లైసెన్సైంది, ఒక ఇంటి వ్యాపారమైంది.

లించ్ కుటుంబంలోకి ఈ వృత్తి వచ్చింది 1936లో. లించ్ తండ్రి ఎడ్వర్డ్‌కు అప్పుడు పన్నెండేళ్లు. క్యాథలిక్ ప్రీస్టుగా పనిచేసిన బాబాయి చనిపోతే, ఏర్పాట్ల కోసం వెళ్లిన పెద్దవాళ్ల వెంట ఫ్యునరల్ హోమ్‌కు వెళ్లాడు. తలుపు సందులోంచి చూస్తే, ఇద్దరు మనుషులు ఆ మృతదేహానికి శ్రద్ధగా అర్చక వస్త్రాలు తొడిగి, మెల్లగా ఎత్తి పేటికలో ఉంచుతున్నారు. పెద్దయ్యాక ఇదే పని చేయాలని పిల్లవాడు ఆ రోజే అనుకున్నాడు. చేశాడు కూడా. అయితే ఆ వృత్తి ఆయనకు ఒక భయాన్ని అంటగట్టింది. పిల్లలు ఎన్ని రకాలుగా చనిపోతారో రోజూ చూసేవాడు కాబట్టి, తన తొమ్మిదిమంది పిల్లలు సైకిలెక్కినా, ఈతకెళ్లినా ఆయనకు గుండెల్లో దడే.

థామస్ 1948లో పుట్టాడు. కుర్రతనంలో ఐర్లండ్‌లోని మోవీన్ అనే పల్లెకు, ముత్తాత వదిలి వచ్చిన ఇంటికి వెళ్లి బంధువుల దగ్గర ఉన్నాడు. కవిత్వం అంటుకుంది. 1974లో మిల్ఫర్డ్‌లో ఫ్యునరల్ హోమ్ బాధ్యత తీసుకున్నాడు. రెండు పనులూ వదల్లేదు. 1997లో వచ్చిన ఆయన వ్యాస సంపుటి ‘ది అండర్‌టేకింగ్’ నేషనల్ బుక్ అవార్డు తుది జాబితాకెక్కింది. తండ్రి ఫ్లోరిడాలో చనిపోయినప్పుడు కొడుకులు విమానమెక్కి వెళ్లి, ఎంబామింగ్ తామే చేశారు. తండ్రి నేర్పిన చేతిపని తండ్రికే చేయడం ఎలా ఉంటుందో ఆ పుస్తకంలో ఉంది. మన దగ్గర తలకొరివి పెట్టిన ఏ కొడుకైనా ఆ పేజీలను సులువుగా పోల్చుకుంటాడు.

మిల్ఫర్డ్ పాత శ్మశానానికి దారి హ్యూరాన్ నది మీదుగా ఉండేది. వంతెన పాడయ్యాక శవయాత్రలు చుట్టుదారిన, దుకాణాలూ తిండి హోటళ్లూ దాటుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. ఆ ఊళ్లో పుట్టిన టీవీ నటి మేరీ జాక్సన్‌కు ఇది బొత్తిగా నచ్చలేదు. తన ఆఖరి ప్రయాణం ఆ హోటళ్ల ముందునుంచి సాగకూడదని పట్టుబట్టింది. చివరికి వంతెన బాగుపడింది. చచ్చాక వెళ్లే దారి కోసం బతికుండగా పోరాడిన ఇలాంటి మనుషులే లించ్ వ్యాసాలకు ప్రాణం.

ఈ వృత్తికి మరో ముఖం ఉంది. ఏడుస్తున్న మనిషి బేరమాడలేడు. ఆ బలహీనత మీద ఖరీదైన పేటికలు అంటగడుతున్నారని 1963లో రచయిత్రి జెస్సికా మిట్‌ఫర్డ్ ‘ది అమెరికన్ వే ఆఫ్ డెత్’లో దుమ్మెత్తిపోసింది. దేశం ఉలిక్కిపడింది. 1984లో, ధరలు ముందే చెప్పాలనే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన అమల్లోకి వచ్చింది. అయినా 2023లో ఫ్యునరల్ డైరెక్టర్ల జాతీయ సంఘం లెక్కల్లోనే, ఖననంతో కూడిన అంత్యక్రియల మధ్యస్థ ఖర్చు 8,300 డాలర్లు. సమాధి స్థలం అదనం. ఇప్పుడు పెద్ద కంపెనీలు చిన్న ఊళ్ల ఫ్యునరల్ హోమ్‌లను కొనేసి, బోర్డు మీద మాత్రం పాత కుటుంబం పేరే ఉంచుతున్నాయి. లించ్‌కు మిట్‌ఫర్డ్ వాదన గిట్టదు. కానీ ధరల విషయంలో ఆమెదే ఒప్పు. ఎంత అందంగా రాసినా బిల్లు తగ్గదు.

ఆయన మాట నెగ్గేది ఇంకోచోట. 1970లో అమెరికాలో నూటికి అయిదుగురిని కూడా దహనం చేసేవారు కాదు. ఇప్పుడు అరవైమందిని చేస్తున్నారు. చాలా ఇళ్లలో శవం ఒంటరిగా వెళుతుంది, కొన్నాళ్లకు బూడిద డబ్బా వస్తుంది, వీలుచూసుకుని ఒక సభ పెడతారు. లించ్‌కు అభ్యంతరం దహనం మీద కాదు, మనుషులు దగ్గర లేకపోవడం మీద. మంట దాకా వెంట నడవండి అంటాడు. దింపుడు కళ్లం దగ్గర చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచే మనకు ఇది కొత్త మాటేమీ కాదు. నగరాల్లో మనమూ ఫోన్ మీదే ప్యాకేజీ మాట్లాడుకోవడం మొదలుపెట్టాం గనుక, గుర్తు చేసుకోవాల్సిన మాట.

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఫ్యునరల్ హోమ్ తలుపు తట్టక తప్పదు. దహనశాలలో పెద్దకొడుకు మీట నొక్కితేనే కర్మ జరిగినట్టని అక్కడి డైరెక్టర్లు చాలామంది ఇప్పటికే నేర్చుకున్నారు. చదువుకోవడానికి వెళ్లి చనిపోయిన పిల్లలను స్వదేశం పంపాలంటే ఎంబామింగ్ పత్రం, సీలు వేసిన పేటిక, మన కాన్సులేట్ అనుమతి కావాలి. ఇవన్నీ సిద్ధం చేయించేదీ ఫ్యునరల్ హోమే. కాబట్టి అక్కడున్నవాళ్లు రెండు సంగతులు మనసులో పెట్టుకోండి. చట్టప్రకారం ధరలు ఫోన్‌లోనే చెప్పాలి, నేరుగా వెళితే కాగితం మీద ఇవ్వాలి, పేటిక బయట కొనుక్కున్నా కాదనకూడదు. స్థానికంగా వెంటనే జరిగే దహనానికి ఎంబామింగ్ సాధారణంగా తప్పనిసరి కాదు. అడగడానికి మొహమాటపడకండి. దహనం దగ్గర మేముంటామని మొదటి ఫోన్‌లోనే చెప్పండి.