అరబీ బోధనకు ఉచిత పాఠాలు: నాణ్యతను పరీక్షించడం ఎలా?

అరబీ నేర్చుకోదలచిన తెలుగు ముస్లిముకు ఒకప్పుడు తగిన పుస్తకం దొరకడమే గగనంగా ఉండేది. నేడు ఇంటర్నెట్‌లో పాఠ్యపుస్తకాలు, నిఘంటువులు, ధ్వని పాఠాలు పైసా ఖర్చు లేకుండా లభిస్తున్నాయి. మక్తబ్ నడిపే ఉపాధ్యాయుడు వాటిలో ఒకదాన్ని తీసుకుని ముప్పై మంది పిల్లల ముందు పెడతాడు. అది మంచిదైతే ముప్పై మందికీ మేలు. అందులో లోపం ఉంటే అది ముప్పై నాలుకల మీదా స్థిరపడుతుంది. చిన్ననాడు అలవాటైన తప్పు ఉచ్చారణను పెద్దయ్యాక సరిదిద్దడం ఎంత కష్టమో ఖారీలందరికీ తెలుసు. కనుక ఇలాంటి పాఠాలను చేపట్టే ముందు పరీక్షించవలసిన అంశాలను ఇక్కడ క్రమంగా పరిశీలిద్దాం.

మొదటిది అనుమతి. 'సార్వత్రిక విద్యా వనరులు' అనే మాట 2002లో యునెస్కో పారిస్‌లో జరిపిన సమావేశంలో వాడుకలోకి వచ్చింది. 2019లో యునెస్కో ఈ విషయమై ఒక సిఫారసును ఆమోదించింది. దాని ప్రకారం ఒక పాఠాన్ని ఉచితంగా చదువుకోవడమే కాక, తిరిగి వాడుకోవడానికి, అవసరాన్ని బట్టి మార్చుకోవడానికి, ఇతరులకు పంచడానికి కూడా అనుమతి ఉండాలి. కనుక ఉచితమైనదంతా సార్వత్రికం కాదు. క్రియేటివ్ కామన్స్ సంస్థ రూపొందించిన అనుమతి పత్రాలు 6 రకాలు. వాటిలో రెండు, మార్చిన ప్రతిని ఇతరులకు పంచడానికి ఒప్పుకోవు. ఏ అనుమతీ పేర్కొనని పుస్తకాన్ని తెలుగు చేసి అచ్చువేయదలిస్తే రచయితను అడగవలసిందే. మంచి పని కోసమే కదా అని ఇతరుల హక్కును పక్కన పెట్టరాదు.

రెండవది ప్రయోజనం. అరబీ అంతా ఒకే పోతగా ఉండదు. 'ఏమిటి' అనడానికి ఖుర్ఆన్ భాషలో 'మా', 'మాజా' అంటారు. కువైట్ వీధుల్లో 'షినూ' అనీ, ఈజిప్టులో 'ఏహ్' అనీ అంటారు. ఉపాధి కోసం గల్ఫ్ వెళ్ళే యువకునికి ఉపకరించే పాఠం, నమాజులో చదివే సూరాల అర్థం తెలుసుకోగోరే గృహిణికి ఉపకరించదు. పాఠం ఎంత చక్కగా ఉన్నా, ఎవరి కోసం రాశారో చూడకుండా దాని నాణ్యతను నిర్ణయించలేం.

మూడవది నిర్దుష్టత. పేరున్న గ్రంథంలోనైనా అన్ని భాగాలూ ఒకే స్థాయిలో ఉండకపోవచ్చు. ఎడ్వర్డ్ లేన్ అరబీ-ఇంగ్లీషు నిఘంటువు 1863 నుండి 1893 వరకు వెలువడింది. దాని కాపీహక్కు ఎన్నడో ముగిసింది కనుక ఎవరైనా వాడుకోవచ్చు. అయితే లేన్ 1876లో మరణించాడు. ఖాఫ్ అక్షరం తర్వాతి భాగాలను ఆయన విడిచివెళ్ళిన రాతప్రతుల ఆధారంగా ముద్రించినందువల్ల అవి మొదటి భాగాలంత సమగ్రంగా లేవు. ఈ సంగతి తెలిసినవాడు ఆ భాగాలు తెరిచినప్పుడు మరో నిఘంటువును కూడా పక్కన పెట్టుకుంటాడు.

ఆయతుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఒక ఫాంటు నుండి మరో ఫాంటుకు మార్చేటప్పుడు జబర్, జేర్, పేష్ గుర్తులు జారిపోవడం కద్దు. తన్జీల్ అనే సంస్థ ఖుర్ఆన్ మూలపాఠాన్ని సరిచూసి ఉచితంగా అందిస్తున్నది. ఉన్నది ఉన్నట్లుగా ఎవరైనా పంచవచ్చుననీ, మార్పు మాత్రం చేయరాదనీ దాని షరతు. మన పాఠాలకూ ఇదే నియమం. వివరణను, అభ్యాసాలను మార్చుకోవచ్చు, ఆయతును మాత్రం మార్చరాదు. అచ్చయిన తర్వాత కూడా ముస్‌హఫ్‌తో పోల్చి చూడాలి.

నాలుగవది, మనం ఎక్కువగా విస్మరించేది, అభ్యాసకుని మాతృభాష. ఇంటర్నెట్‌లో లభించే అరబీ పాఠాల్లో చాలా భాగం ఇంగ్లీషు తెలిసినవారి కోసం రాసినవి. 'అల్‌బైతు కబీర్' అనే వాక్యంలో క్రియ ఎందుకు లేదో వారికి విడమరచి చెప్పాలి. 'ఇల్లు పెద్దది' అనే మనకు ఆ వివరణ అక్కరలేదు. 'దరస' అంటే చదివాడు, 'దర్రస' అంటే బోధించాడు. ఈ ద్విత్వం తెలుగువారికి కొత్త కాదు. మనకు తికమక కలిగేది వేరే చోట. మనం సూర్యుడు 'ఉదయించాడు' అంటాం, అరబీలో సూర్యుడు స్త్రీలింగం. తెలుగులో లేని ద్వివచనం అరబీలో ఉంది. ఇంగ్లీషు పాఠాన్ని మక్కికి మక్కి తెలుగు చేస్తే అక్కరలేనిది మిగిలి, కావలసింది లోపిస్తుంది.

లిపి చిక్కు ఇంకా పెద్దది. 'ఖలఅ' అని తెలుగులో రాస్తే అది 'ఖే'తో మొదలై 'విప్పాడు' అనే అర్థమిచ్చే మాటా? 'ఖాఫ్'తో మొదలై 'పెకలించాడు' అనే అర్థమిచ్చే మాటా? పాఠకునికి తెలిసే వీలు లేదు. ఖాఫ్‌ను ఖేలా పలికే దక్కనీ ఉర్దూ ఇళ్లలోని పిల్లలకు కూడా ఈ తేడా ప్రత్యేకంగా నేర్పాలి. బడీ హే, ఛోటీ హే రెండూ తెలుగులో 'హ'గానే మిగులుతాయి. కనుక తెలుగు లిపిని కొద్ది రోజుల ఊతకర్రగా మాత్రమే వాడి, త్వరగా అరబీ లిపిలోకి నడిపించే పాఠమే మేలైనది. దానితో పాటు స్పష్టమైన ధ్వని పాఠం ఉండాలి.

ఐదవది క్రమం. తమిళనాడులోని వాణియంబాడికి చెందిన డాక్టర్ వి. అబ్దుర్రహీం మదీనా ఇస్లామియా విశ్వవిద్యాలయంలో బోధిస్తూ, అరబీ మాతృభాష కానివారి కోసం మూడు భాగాల పాఠ్యగ్రంథం రచించారు. అది 'ఇది ఏమిటి?' అన్నంత సులువైన ప్రశ్నతో మొదలవుతుంది. కొత్త నియమాలు కొద్దికొద్దిగా వస్తాయి, పాత మాటలు మళ్ళీ మళ్ళీ ఎదురవుతాయి. మరే పాఠాన్నైనా ఈ కొలతతో చూడవచ్చు. మూడవ పాఠంలో నేర్పిన మాట పదవ పాఠంలో ఎక్కడా కనిపించకపోతే విద్యార్థి దాన్ని మరచిపోవడం ఖాయం.

చివరిది సవరణకు వీలు. బ్రిటన్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఖుర్ఆన్ అరబీ పదకోశం 77,430 పదాలకు, ఒక్కొక్కదానికీ వ్యాకరణ వివరణ ఇస్తుంది. తప్పు కనిపిస్తే తెలియజేయవలసిందిగా పాఠకులను ఆహ్వానిస్తుంది. ఏ మానవ రచనలోనైనా పొరపాటు ఉండవచ్చు. దాన్ని దిద్దే మార్గం ఉన్న పాఠం ఏడాదికేడాది మెరుగవుతుంది.

ఏ పాఠాన్నైనా తరగతి మొత్తానికి ఇచ్చే ముందు ఇద్దరు ముగ్గురు విద్యార్థులతో ఒక వారం చదివించి చూడటం మంచిది. వారు తడబడిన చోట్లను రాసిపెట్టుకోవాలి. అనుమతి ఉన్న పాఠమైతే ఆ చోట్లను సరిచేసి, సవరించిన ప్రతిని ఇతర మక్తబ్‌లకు కూడా అందజేయాలి. ఒక ఊరి ఉపాధ్యాయుడు పడిన శ్రమ పది ఊళ్ల పిల్లలకు ఉపయోగపడేది అప్పుడే.