గీత పడినా తుప్పు పట్టని రేకు

జీఐ రేకు మీద మేకుతో గట్టిగా గీస్తే జింకు పూత లేచిపోయి లోపలి ఉక్కు సన్నగా బయటపడుతుంది. నాలుగు వానలు కురిశాక చూసినా ఆ గీత ఎర్రబడదు, అంచుల్లో తెల్లటి పొడి మాత్రం పేరుకుంటుంది. అదే గీత రంగు వేసిన మామూలు ఇనుప రేకు మీద పడితే తుప్పు అక్కడే మొదలై రంగు కిందికి పాకుతుంది. రంగు అడ్డుగోడ మాత్రమే. జింకు అడ్డుగోడగా నిలుస్తూనే, గోడకు బీట పడితే ఉక్కుకు బదులు తాను కరుగుతుంది.

తుప్పు పట్టడమంటే లోహం ఎలక్ట్రాన్లను కోల్పోవడమే. ఇనుము కన్నా జింకు వాటిని తేలిగ్గా వదులుతుంది. రెండూ ఆనుకుని ఉండగా పైన తడి చేరితే చిన్న బ్యాటరీ తయారై, జింకు వదిలిన ఎలక్ట్రాన్లు ఉక్కుకు చేరి దాన్ని కాపాడతాయి. ఈ రక్షణ కొన్ని మిల్లీమీటర్ల మేరకే; పెద్ద చెక్కు లేస్తే మధ్యభాగం తుప్పు పట్టక తప్పదు. తగరం తీరు వేరు. ఆరుబయట తేమలో దానికన్నా ఇనుమే ముందు లొంగిపోతుంది కనుక, తగరపు పూత మీద గీత పడితే ఉక్కు మరింత త్వరగా చెడుతుంది.

1824లో హంఫ్రీ డేవీ ఓడల అడుగున ఉండే రాగి రేకులను ఇనుము, జింకు ముక్కలతో ఇలాగే కాపాడవచ్చని చూపాడు. ఉక్కును కరిగిన జింకులో ముంచే పద్ధతికి 1837లో ఫ్రాన్స్‌లో సోరెల్ పేటెంట్ పొందాడు. ఇప్పటికీ పద్ధతి అదే: ఆమ్లంతో శుభ్రం చేసిన ఉక్కును దాదాపు 450 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగిన జింకులో ముంచుతారు. చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 275 గ్రాముల జింకు పట్టిన రేకు మీద, ఒక్కో వైపు పూత మందం 20 మైక్రాన్ల లోపే. తలవెంట్రుక కన్నా పలుచని ఆ పొర ఏళ్ల తరబడి ఎండావానలకు ఓర్చుకుంటుంది.

అయితే సముద్రపు ఉప్పుగాలికి జింకు త్వరగా అరిగిపోతుంది. దాని అరుగుదలను తగ్గించడానికే మిశ్రమలోహ పూతలు వచ్చాయి. 1970లలో అమెరికాలో మార్కెట్లోకి వచ్చిన గాల్వల్యూమ్‌లో 55 శాతం అల్యూమినియం, 1.6 శాతం సిలికాన్, మిగతాది జింకు. అల్యూమినియం కొమ్మల్లా అల్లుకుని గడ్డకడుతుంది, ఆ సందుల్లో జింకు నిలుస్తుంది. ముందు సందుల్లోని జింకు కరుగుతుంది, దాని తెల్లటి మడ్డి ఆ దారులనే పూడ్చేస్తుంది. పూత చాలా కాలం మన్నుతుంది, కానీ కోసిన అంచుల దగ్గర ఉక్కును ఆదుకోవడంలో శుద్ధ జింకుకు సాటి రాదు.

ఆ లోటును మెగ్నీషియం తీరుస్తుంది. జపాన్‌లో రూపొందిన ఒక పూతలో జింకుతో పాటు 6 శాతం అల్యూమినియం, 3 శాతం మెగ్నీషియం ఉంటాయి. దాని తుప్పు మడ్డి పలుచగా, దట్టంగా పరుచుకుని కోసిన అంచును కూడా కప్పేస్తుంది. అల్యూమినియం ఎక్కువగా ఉన్న పూతలకు క్షారం పడదు. అందుకే గాల్వల్యూమ్ రేకును తడి సిమెంటుకు తగలకుండా బిగించాలి.