ముసుగు వేసుకున్న మొక్కు

పవిత్ర వారం సోమవారం వచ్చిందంటే ఫిలిప్పీన్స్‌లోని మరిందూకె దీవి వీధుల్లో రోమన్ సైనికులు తిరుగుతుంటారు. ఎర్రటి మొహాలు, గుడ్లురిమే కళ్లు, గుబురు గడ్డాలు, తలపై శిరస్త్రాణాలు. కనిపించిన పిల్లల్ని తరుముతారు. మన దసరా పులివేషం వెనక పడినట్టే, అక్కడి పిల్లలు కూడా భయపడుతూనే వాళ్ల వెంటపడతారు. ఈ వేషధారుల పేరు మోరియోన్లు.

లుసోన్ దీవికి దక్షిణాన, గుండె ఆకారంలో ఉండే చిన్న దీవి మరిందూకె. ఉన్నవి ఆరు పట్టణాలే, బోవాక్ రాజధాని. 1565 నుంచి 1898 దాకా ఫిలిప్పీన్స్‌ను ఏలిన స్పెయిన్ తన నాటకాన్నీ వెంట తెచ్చింది. క్రైస్తవ, ముస్లిం రాజుల యుద్ధాలు చూపే కొమెద్యా, పాటల సార్సువేలా, క్రీస్తు శ్రమలను ఆడే సినాకులో అలా వచ్చినవే. సార్సువేలా మనీలాలో రాజకీయం నేర్చింది. సెవెరినో రేయెస్ 1902లో ఆడించిన ‘వాలాంగ్ సుగాత్’లో విలన్లు స్పానిష్ సన్యాసులే! మరిందూకె మాత్రం శ్రమల కథను వేదిక దించి వీధిలోకి తెచ్చుకుంది.

ఆ కథకు నాయకుడు లాంజినస్ అనే సైనికుడు. సిలువ మీది యేసు ప్రక్కను ఈటెతో పొడిచినవాడికి యోహాను సువార్త పేరు పెట్టలేదు. పేరూ, ఒంటికన్నూ తర్వాతి ఐతిహ్యం ఇచ్చినవే. యేసు రక్తపు చుక్క పడి ఆ కంటికి చూపు వస్తుంది. పునరుత్థానాన్ని చూశానని ఊరంతా చాటుతాడు. అతని నోరు మూయించమని రోమన్ అధిపతి పిలాతు ఆజ్ఞ. ఈస్టర్ ఆదివారం నాడు మోరియోన్లు అతణ్ని వీధి వీధీ వెతుకుతారు. అతను జనంలో కలిసిపోతాడు, దొరుకుతాడు, తప్పించుకుంటాడు. చివరికి తల నరికే ఘట్టం, పుగుతన్. ఆపై ‘మొండెం’ను ఊరేగిస్తారు. యేసు కంటే ఆయన్ను పొడిచినవాడి కోసం జనం ఎక్కువగా ఎగబడే ఈ ఏర్పాటు నాకు భలే నచ్చింది. అపరాధి కళ్లతో కథ చెప్పడం ఏ నాటకకర్తకైనా సాహసమే.

1807లో మోగ్‌పోగ్ పట్టణంలో దియోనిసియో సాంతియాగో అనే పాదిరీ దీన్ని మొదలుపెట్టారని స్థానికులు చెబుతారు. ముసుగును దప్‌దప్ అనే తేలికపాటి కలపతో చెక్కుతారు, కాగితపు గుజ్జుతోనూ చేస్తారు. మండుటెండలో దాని లోపల ఊపిరాడదు. అయినా వారమంతా వేసుకుంటారు, ఎందుకంటే అది పనాతా, అంటే మొక్కు. జబ్బు నయమైందనో, పాపం పోవాలనో రైతులూ జాలర్లూ మొక్కుకుంటారు. ముసుగు వెనక ఎవరున్నారో ఊరికి తెలియకూడదన్నది పాత నియమం. చప్పట్ల కోసం కాక దేవుడి కోసం ఆడే ఆటకు నటుడి పేరెందుకు?

పర్యాటకం పెరిగాక ఆ నియమం సడలింది. ముసుగుల పోటీలు, బహుమతులు వచ్చాయి. వేషం ఎత్తినవాడే ముసుగు పైకి తోసి ఫొటోకు నవ్వుతున్నాడు. తప్పని అనను, దీవికి డబ్బు కావాలి. 1996 మార్చి 24న, ఈస్టర్‌కు రెండు వారాల ముందు, రాగి గని వ్యర్థాలు బోవాక్ నదిని ముంచెత్తాయి. ఆ దెబ్బ తిన్న చోట పండగ ఆదాయాన్ని తక్కువగా చూడలేం. కానీ మొక్కు ప్రదర్శనగా మారితే మిగిలేది రంగుల కవాతే.

వెళ్లాలనుకుంటే మనీలా నుంచి బస్సులో లుసేనా చేరి, దలాహికన్ రేవులో బలనకాన్ పడవ ఎక్కాలి. ఆ వారం రద్దీ విపరీతం, టికెట్టూ గదీ ముందే చూసుకోండి. బోవాక్‌లో రాత్రి సినాకులో చూశాక, ఒక పూటైనా మోగ్‌పోగ్‌కు వెళ్లండి. ముసుగు తీయమని మాత్రం ఎవరినీ అడగకండి.