ముయ్యికి పోయిన చదువు

ఎక్స్చేంజి అంటే మన తరం మిల్లు జనానికి తెలిసింది ఒకటే, ఎంప్లాయ్‌మెంటు ఎక్స్చేంజి. కార్డు చేయించుకొని, మూడేండ్లకొకసారి రెన్యూవల్ చేయించుకొని, పిలుపు కోసం చూసి చూసి తల నెరిసిపోయినోళ్ళు మన లైన్లలో ఎంతమందో. ఇప్పుడు మన ఇండ్లలో పిల్లోళ్ళు ఇంకొక ఎక్స్చేంజి మాట తెస్తున్నారు. "తాతా, మా కాలేజీ నుంచి ఎక్స్చేంజి స్టూడెంటుగా స్వీడన్‌కు పంపిస్తారంట" అని మా అక్క మనవరాలు చెప్పింది. ఆ పిల్లది చింతామణి. వాళ్ళమ్మ గార్మెంట్సులో పని చేస్తుంది. పిల్ల పదో తరగతి వరకు కన్నడ మీడియం చదివి, బెంగళూరులో ఇంజినీరింగు చేరింది. పోయి అయిదు నెలలు ఉండి వచ్చింది. ఆమె చెప్పినది, నేను నలుగురిని విచారించి తెలుసుకొన్నది కలిపి రాస్తున్నాను. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి పక్కల నుంచి బెంగళూరు కాలేజీలకు పోయే మన పిల్లోళ్ళు చానామంది ఉండారు. వాళ్ళ అమ్మానాయనలకు ఇది పనికొస్తుంది.

ముందు ఈ ఎక్స్చేంజి అంటే ఏమి? మన పల్లెల్లో ముయ్యాళ్ళు ఉంటారు కదా. నీ చేన్లో నేను కలుపు తీస్తే, నా చేన్లోకి నువ్వు వస్తావు. కూలి దుడ్డు మాట రాదు. ఇదీ అంతే. ఇక్కడి కాలేజీ, అక్కడి కాలేజీ ఒప్పందం రాసుకొంటాయి. మన పిల్ల ఒక సెమిస్టరు అక్కడ చదువుతుంది, అక్కడి పిల్ల ఇక్కడికి రావచ్చు. మన ఫీజు మన కాలేజీకే కడతాము. అక్కడ చదువు ఫీజు కట్టేది లేదు.

ఈ ఒక్క మాట ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, నేరుగా డిగ్రీకి పోయేవాళ్ళ లెక్క పూర్తిగా వేరే. ఒకప్పుడు స్వీడన్‌లో బయటి దేశాల పిల్లోళ్ళకు కూడా చదువు ఉచితం. అప్పుడు ఆంధ్రా నుంచి మన తెలుగు పిల్లోళ్ళు గుంపులు గుంపులుగా పోయినారు. దక్షిణ స్వీడన్‌లో సముద్రం ఒడ్డున కార్ల్స్‌క్రోనా అని ఊరుంది. అక్కడి బ్లెకింగె సాంకేతిక విద్యాలయంలో తెలుగు మాట బాగా వినిపించేదంట. 2011లో యూరప్ బయటి వాళ్ళకు ఫీజు పెట్టినారు, వచ్చేవాళ్ళు ఒక్కసారిగా తగ్గిపోయినారు. డెన్మార్కు 2006లోనే పెట్టింది, ఫిన్లాండు 2017లో, నార్వే 2023లో. హైదరాబాదు జె.ఎన్.టి.యు. ఆ కార్ల్స్‌క్రోనా వాళ్ళతో ఒప్పందం చేసుకొని, కొంత ఇక్కడ, కొంత అక్కడ చదివే కోర్సు కూడా పెట్టింది. అది రెండు పక్కలా డిగ్రీ ఇచ్చే చదువు. ముయ్యి కాదు.

కాబట్టి ఎవరైనా ఏజెంటు వచ్చి "మీ పిల్లోన్ని ఎక్స్చేంజిలో పంపిస్తాను, ఇన్ని లక్షలివ్వండి" అంటే వాకిట్లోనే నిలబెట్టండి. ఎక్స్చేంజికి పేరు పంపేది పిల్లోడు చదివే కాలేజీనే. నడాన ఏజెంటుకు పని లేదు. సైటు అమ్మి, పి.ఎఫ్. తీసి ఇట్లాంటోళ్ళ చేతిలో పెట్టిన కథలు మనం వినలేదా?

ఫీజు లేదంటే ఖర్చు లేదని కాదు. మూడు నెలలకు మించి ఉండాలంటే స్వీడన్ వలస శాఖ దగ్గర అనుమతి తీసుకోవాల. నెలకు పది వేల క్రోనర్లకు పైగా ఖర్చు పెట్టుకొనే శక్తి ఉందని కాగితం చూపాల. ఒక క్రోనరుకు మన దుడ్డులో తొమ్మిది రూపాయలు అనుకొందాం. అయిదు నెలలకు వేసుకోండి, నాలుగున్నర లక్షలు దాటుతుంది. విమానం టికెట్టు వేరే. ఏడాదికి తక్కువ ఉండేవాళ్ళకు ఆరోగ్య బీమా ఉండాల. ఈ లెక్క విని మా అక్క "ఈ దుడ్డుతో పెండ్లే అయిపోతుంది" అనింది. ఆమె అన్నదాంట్లో తప్పేముంది?

దారి చూపించింది విద్యార్థి వేతనం. యూరప్ వాళ్ళది ఎరాస్మస్ ప్లస్ అని ఒక పథకం ఉంది. ఒప్పందం ఉన్న కాలేజీల నుంచి పోయే మన దేశం పిల్లోళ్ళకు కూడా నెలనెలా ఖర్చుకు ఇస్తారు, ప్రయాణానికి కొంత ఇస్తారు. ఆ మంజూరు కాగితమే వలస శాఖకు చూపించవచ్చు. మా పిల్లకు అట్ల వచ్చింది. అయినా మొదటి నెల దుడ్డు చేతికి రాకముందే టికెట్టు కొనాల, బీమా కట్టాల, చలికోటు కొనాల. దానికి మా అక్క తన గొలుసు కుదువ పెట్టింది. పెండ్లి మాట ఎత్తింది ఆమే, గొలుసు తీసిందీ ఆమే.

ఇంకొకటి మరిచిపోకూడదు. అక్కడ చదివిన సబ్జెక్టులు ఇక్కడ లెక్కకు వస్తాయని పోకముందే కాలేజీతో కాగితం మీద రాయించుకోవాల. నోటి మాట చాలదు. లేకుంటే వచ్చినాక ఆ సెమిస్టరు మళ్ళీ చదవమంటారు.

ఇంక అక్కడి బతుకు. ఆ పిల్ల ఉండింది నార్షోపింగ్ అనే ఊర్లో, స్టాక్‌హోంకు నూటయాభై కిలోమీటర్ల పైన. (రాసేది ఒకటి, పలికేది ఒకటి. మన నోటికి వచ్చినట్టు రాసినాను.) విద్యార్థుల ఇండ్లలో ఎవరి గది వాళ్ళది, వంటిల్లు మాత్రం అందరికీ ఒకటే. ఎనిమిది గదులకు ఒక పొయ్యి వరస. ఫ్రిజ్జులో ఎవరి అర వాళ్ళది. మన లైను ఇండ్లలో కొళాయి దగ్గర ఉన్నట్టే అక్కడా చిన్న చిన్న పంచాయితీలు, గిన్నె కడగలేదని, పాలు ఎవరో తాగినారని. బట్టలు ఉతికే మిషన్లకు ముందే పేరు రాసుకోవాల. మన టైము దాటితే ఇంకొకరు వచ్చి నిలబడతారు.

తిండికి రాగిపిండి, చెనిక్కాయల పొడి మూట కట్టుకొని పోయింది. వాళ్ళవ్వ నెయ్యి డబ్బా కూడా పెట్టబోతే ఆపినారు. బయటి దేశాల నుంచి పాల సరుకు, మాంసం సరుకు లోపలికి తీసుకొని రానివ్వరు. ఒకరోజు ముద్ద చేస్తే జర్మనీ పిల్ల ఒకతి వచ్చి ఇదేమి అని అడిగి, నమిలి నమిలి తినిందంట. నమలకూడదు, మింగాల అని నేర్పించేకొద్దికి తల ప్రాణం తోకకొచ్చిందంట!

చలి కంటే చీకటి కష్టం అనింది. డిసెంబరులో పొద్దున తొమ్మిది కావస్తేగాని తెల్లవారదు, మధ్యాహ్నం మూడుకంతా పొద్దు మునుగుతుంది. నైటు షిఫ్టు చేసినోళ్ళకు ఆ బాధ కొంచెం అర్థమవుతుంది. మనం పగలు నిద్రపోయి వెలుగు చూసేవాళ్ళం కాదు, వాళ్ళకు వెలుగే రాదు. అక్కడోళ్ళు కిటికీల్లో కాగితం నక్షత్రాలు, దీపాలు పెట్టుకొంటారు. డిసెంబరు 13న తెల్లబట్టలు కట్టుకొని, క్రొవ్వొత్తులు పట్టుకొని పిల్లలు పాడుకొంటూ వస్తారు. ఆ నెలలో ఈ పిల్ల దినమూ ఫోన్ చేసేది. చలికాలంలో మనకూ వాళ్ళకూ నాలుగున్నర గంటలు తేడా. ఆమె సాయంత్రం గదికి చేరేటప్పటికి మనకు అర్ధరాత్రి దగ్గర పడుతుంది. వాళ్ళమ్మ గార్మెంట్సు నుంచి వచ్చి, వండి, పడుకోకుండా ఫోన్ చేతిలో పెట్టుకొని కూర్చొనేది.

చదువు సంగతి నాకు బాగా నచ్చింది. అయ్యవారిని పేరు పెట్టి పిలవాల, సార్ అనకూడదు. ఈ పిల్లకు నెల దినాలు నోరు తిరగలేదు. పరీక్ష నాలుగైదు గంటలు ఉంటుంది, బల్ల మీద రొట్టె, పండు పెట్టుకొని తింటూ రాయవచ్చు. పేపరు మీద పేరు రాయరు, ఒక నంబరు మాత్రమే. దిద్దేవాళ్ళకు ఇది ఎవరి పేపరో, ఏ ఊరి పిల్లదో, ఆడో మగో తెలీదు. పేరు చూసి కులం పసిగట్టే చోట నుంచి పోయిన పిల్లకు అది ఎట్లుంటుందో వేరే చెప్పాల్నా? "తాతా, నాకు వచ్చిన మార్కు నాదే" అనింది.

ఇప్పుడు మన మిల్లు జనం వినాల్సిన మాట చెప్తాను. ఆ నార్షోపింగ్ మిల్లుల ఊరు. కోయంబత్తూరును మనం దక్షిణ మాంచెస్టరు అన్నట్టు, దాన్ని స్వీడన్ మాంచెస్టరు అనేవాళ్ళు. మోటాలా అనే ఏటి నీళ్ళతో ఉన్ని మిల్లులు, నూలు మిల్లులు నడిచినాయి. అన్నీ ఎప్పుడో మూతపడినాయి. కానీ కట్టడాలు పడగొట్టలేదు. 1997 నుంచి లింషోపింగ్ విశ్వవిద్యాలయం ఆ పాత మిల్లుల్లోనే పిల్లోళ్ళకు పాఠాలు చెప్తోంది. మా పిల్ల చదివింది ఆ గోడల మధ్యనే. ఏటి నడుమ ఇస్త్రీపెట్టె ఆకారంలో ఏడు మూలల కట్టడం ఒకటుంది, 1917లో నూలు మిల్లుకని కట్టింది. ఇప్పుడది శ్రమ మ్యూజియం. ఆ కట్టడంలోనే దండ్లు దండ్లుగా ఏండ్లు పనిచేసిన ఆల్వా అనే ఒక మామూలు వైండింగు కార్మికురాలి బతుకును అక్కడ కథగా చూపిస్తారు. రాజుది కాదు, మేనేజరుది కాదు. అదే దేశంలో బోరోస్ అనే ఊర్లో 1866 నుంచి నేత చదువు చెప్పే బడి ఉంది. అది కూడా ఇప్పుడు పాత ఫ్యాక్టరీ కట్టడంలోనే నడుస్తోంది.

మన బెంగళూరులో? మల్లేశ్వరం పక్క రాజా మిల్లు ఉన్న చోట మాల్ లేచింది. బిన్నీ మిల్లు భూమిలో అపార్టుమెంట్లు లేచినాయి. అక్కడ ఎవరు పనిచేసినారో చెప్పే గోడ ఒకటన్నా మిగిలిందా? పిల్ల ఆ మ్యూజియంలో మిషన్ల ఫొటోలు తీసి పంపించింది. ఏది ఏమిటో అన్నీ నేను చెప్పినాను, బాబిను ఎట్ల మారుస్తారో, తెగిన నూలు ఎట్ల ముడేస్తారో. అంతదూరం పోయి మన పని గురించి నన్ను అడిగింది.

గొలుసు ఇంకా అంగట్లోనే ఉంది, వడ్డీ కడుతున్నారు. ఉద్యోగం వస్తే మొదట విడిపించేది అదే అంటోంది పిల్ల.

దీన్ని చూసి బాగేపల్లిలో డిగ్రీ చదివే మా తమ్ముని కొడుకు కూడా తన కాలేజీలో అడిగినాడు. అట్లాంటి ఒప్పందం ఏదీ లేదన్నారు. వాడు ఈ పిల్ల కంటే బాగా చదువుతాడు. పెద్ద ఊరి కాలేజీల వాకిట్లో ఉన్న దారి చిన్న ఊరి పిల్లోళ్ళకు లేకపోవడం నాకు సరిగా అనిపించలేదు. పి.యు.సి. ముగించి కాలేజీ వెదికేటప్పుడే, ఫీజు ఎంత అని అడిగిన నోటితోనే, ఏ దేశం కాలేజీతో ముయ్యి ఉందో కూడా అడగండి. ఆగస్టులో మొదలయ్యే చదువుకు ఆ ఏడాది మార్చి, ఏప్రిల్ లోపలే కాలేజీలు పేర్లు పంపిస్తాయి. పాస్‌పోర్టు అంతకంటే ముందే చేతిలో ఉండాల.