సైరన్ మోగితే వచ్చేదెవరు?

చెన్నై: సంక్రాంతి దగ్గర పడితే కోడంబాక్కం, పెరంబూరు తెలుగు ఇళ్లల్లో బ్యాగులు సర్దేస్తారు. సెంట్రల్‌లో రైలెక్కాకే గుబులు... తాళం సరిగ్గా పడిందో లేదో!

అందుకే కొందరు అలారం పెట్టించుకుంటున్నారు. తలుపుకో అయస్కాంతం ముక్క, ద్వారబంధానికో స్విచ్చి. రెండూ విడిపోతే సైరనే. గదిలో ఒంటి వేడి కదలికను పట్టే సెన్సర్ మరొకటి. బల్లి దానిమీద పాకినా గోలే! రెండుసార్లు ఉత్తినే మోగిందా, మూడోసారి పక్కింటి మామి లేవదు. అసలు చిక్కు అక్కడే.

ఆంధ్రాలో పోలీసులు 2017లో ఎల్‌హెచ్‌ఎంఎస్ తెచ్చారు. ఊరెళ్తున్నట్టు యాప్‌లో చెప్పిన వాళ్లింట్లో ఉచితంగా కెమెరా బిగించారు. లోపల ఏదైనా కదిలితే కబురు నేరుగా కంట్రోల్ రూంకే. తిరుపతి చుట్టాలు ఈ మాట చెబితే మనకు కాస్త అసూయే. అది అక్కడి ఇళ్లకే మరి.

ఇక్కడైతే స్టేషన్‌లో ముందే చెప్పి వెళ్లాలి. పోలీసులూ ఏటా అదే అడుగుతున్నారు. కరెంటు పోతే వైఫై ఆగుతుంది, ఫోన్‌కు కబురు రాదు. బ్యాటరీ, సిమ్‌కార్డు ఉన్న అలారమే నయం. బయల్దేరే ముందు ఓసారి మోగించి మామికి వినిపించండి. మోగితే ఒంటరిగా తలుపు తీయొద్దని, 112కి ఫోన్ చేయమని చెప్పండి.