పైసలు కట్టే చదువు కాదు, పైసలిచ్చే చదువు: కణ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ

మన హాస్టల్‌లో ఉండి డిగ్రీ, పీజీ దాకా వచ్చిన వారికి పీహెచ్‌డీ అనగానే రెండు భయాలు కలుగుతాయి. లక్షల రూపాయలు కావాలేమోనని ఒక భయం. అన్నేళ్ళు ఇంటికి ఒక్క రూపాయి పంపకుండా ఎట్లా ఉండాలని రెండో భయం. ఫిజిక్స్ పరిశోధన గురించి, అందులోనూ ప్రయోగాత్మక కణ భౌతికశాస్త్రం గురించి నాలుగు మాటలు తెలిస్తే ఈ భయాలు చాలావరకు తీరుతాయి. అందుకే ఈ వ్యాసం.

ఏమిటీ శాస్త్రం?

పదార్థాన్ని విడదీస్తూ పోతే పరమాణువు, దాని లోపల ఎలక్ట్రాన్, ప్రోటాన్, ప్రోటాన్ లోపల క్వార్కులు కనిపిస్తాయని చదువుకున్నాం. కాని వీటిని కంటితో చూడలేం. అవి దాటిపోయినప్పుడు మిగిల్చే జాడను పట్టుకునే పరికరాలనే డిటెక్టర్లు అంటారు. సిరిసిల్ల మిత్రులకు ఇది సులువుగా అర్థమవుతుంది. సాంచె మీద పడుగు నిలువుగా, పేక అడ్డంగా ఉంటాయి కదా! చాలా డిటెక్టర్లలో కూడా సన్నని పట్టీలు ఒక వరుస నిలువుగా, ఒక వరుస అడ్డంగా అమర్చి ఉంటాయి. కణం దాటగానే నిలువు పట్టీ ఒకటి, అడ్డ పట్టీ ఒకటి విద్యుత్ సంకేతాన్నిస్తాయి. ఆ రెండూ కలిసే చోట కణం దాటిందన్నమాట. ఇట్లాంటి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కణం నడిచిన దారిని గీస్తారు.

జెనీవా దగ్గరి సెర్న్‌లో 27 కిలోమీటర్ల సొరంగంలో ప్రోటాన్లను ఢీకొట్టించి, హిగ్స్ బోసాన్ దొరికిందని 2012 జూలై 4న ప్రకటించారు. దానిని పట్టుకున్న సి.ఎం.ఎస్. డిటెక్టర్ తయారీలో ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ (టి.ఐ.ఎఫ్.ఆర్.) వంటి మన సంస్థలకు కూడా భాగముంది.

ఇది మన దేశానికి కొత్త కాదు. 1965లో కోలారు బంగారు గనుల్లో, 2 కిలోమీటర్లకు పైగా లోతున, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ దొరికింది. ప్రపంచంలో మొదట కనిపెట్టిన రెండు బృందాల్లో అది ఒకటి. ఆ పరిశోధన పత్రంలో పి.వి. రమణమూర్తి, వి.ఎస్. నరసింహం గార్ల పేర్లున్నాయి. ఆ గనులను తవ్వినవారు చిత్తూరు, ఆర్కాటు వైపు నుండి వలసపోయిన కూలీలు. వారిలో చాలామంది దళితులు. శ్రమ మనవాళ్ళది ఎప్పుడో ఉంది; ఇక పరిశోధన కూడా మనది కావాలి.

ఖర్చు ఎవరు భరిస్తారు?

ఎమ్మెస్సీ ఫిజిక్స్ తరువాత సి.ఎస్.ఐ.ఆర్.-యు.జి.సి. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. సాధిస్తే, 2023 జనవరి నుండి పెంచిన రేటు ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు రూ.37,000, తరువాత రూ.42,000 ఇస్తారు. హాస్టల్ దొరకకపోతే ఇంటి అద్దె భత్యం వేరు. ఎమ్మెస్సీలో 55 శాతం మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం చాలు. ఎమ్మెస్సీ చివరి సంవత్సరంలోనే పరీక్ష రాయవచ్చు. గేట్, జెస్ట్ పరీక్షల ద్వారా కూడా పరిశోధన సంస్థలు ప్రవేశమిస్తాయి. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ప్రత్యేకంగా నేషనల్ ఫెలోషిప్ ఇస్తుంది. ఏ ఫెలోషిప్పూ లేకుండా చేరితే మాత్రం కష్టం. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేనివారికి ఇస్తూ వచ్చినది నెలకు రూ.8,000 మాత్రమే. కాబట్టి చేరే ముందే "నాకు నెలకు ఎంత, ఎన్నేళ్ళు?" అని అడగండి. అది అడగడానికి సిగ్గుపడవద్దు.

చాలా దూరం పోనక్కరలేదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం అమెరికాలోని ఫెర్మీల్యాబ్ వారి నోవా న్యూట్రినో ప్రయోగంలో భాగస్వామి. ఐ.ఐ.టి. హైదరాబాద్ జపాన్‌లోని బెల్-2 ప్రయోగంలో ఉంది. ఇక్కడ చేరినవారికి కూడా ఆ దేశాలకు పోయి పనిచేసే అవకాశం రావచ్చు.

నేరుగా విదేశాలకు పోదలచినవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో గల్ఫ్ వీసా కోసం ఏజెంటుకు అప్పు తెచ్చి కట్టిన ఇండ్లు ఎన్నో మనకు తెలుసు. పీహెచ్‌డీకి అట్లా అవసరం లేదు. అమెరికాలో ఫిజిక్స్ పీహెచ్‌డీకి ఎంపిక చేసుకున్న విశ్వవిద్యాలయం సాధారణంగా ట్యూషన్ ఫీజు తానే భరించి, పాఠాలు చెప్పినందుకో, పరిశోధన చేసినందుకో నెలనెలా జీతమిస్తుంది. జర్మనీలో అయితే చాలామందికి ఉద్యోగ ఒప్పందమే ఉంటుంది. ఎం.ఎస్. వేరు, దానికి ఎక్కువగా మన పైసలే పెట్టుకోవాలి. పీహెచ్‌డీ సీటు ఇప్పిస్తామని ఎవరైనా పైసలు అడిగితే నమ్మకండి.

ఇప్పటి నుండే ఏం చేయాలి?

ఇంటర్, డిగ్రీ చదివేవారు గణితం, ఫిజిక్స్ గట్టిగా నేర్చుకోవాలి. ప్రాక్టికల్స్ రికార్డు చూసి రాయడం మానేసి, చేతితో చేయాలి. సాంచె మోటారు విప్పి బాగుచేయగల చేయికి ప్రయోగశాలలో విలువ ఉంటుంది. పైథాన్, సి++ వంటి ప్రోగ్రామింగ్ భాష ఒకటి రావాలి, ఎందుకంటే ఇక్కడ సగం పని కంప్యూటర్ మీదనే. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేస్తే, శాస్త్రవేత్త దగ్గర రెండు నెలలు పనిచేయవచ్చు. దానికి భత్యం కూడా ఇస్తారు.

కష్టాలు కూడా చెప్పాలి. పీహెచ్‌డీకి ఐదారేళ్ళు పడుతుంది. ఫెలోషిప్ కొన్నిసార్లు నెలల తరబడి ఆలస్యమవుతుంది. తరువాత శాస్త్రవేత్త ఉద్యోగం అందరికీ రాదు, పోస్టులు తక్కువ. అయితే నేర్చుకున్న ప్రోగ్రామింగ్, డేటా విశ్లేషణ, ఎలక్ట్రానిక్స్ వృథా పోవు. వేరే ఉద్యోగాలకు పనికివస్తాయి. ఈ సంగతులన్నీ ఇంట్లో అమ్మానాన్నలకు ముందే వివరంగా చెప్పి ఒప్పించుకోండి. బీడీలు చుట్టి, సాంచెలు నడిపి మనను చదివించినవారికి ఆ లెక్క తెలియాలి.

మన హాస్టల్ నుండి టీచర్లు, పోలీసులు, ఇంజనీర్లు కావాలని అందరం కోరుకుంటాం. వారితో పాటు ఒక కణ భౌతిక శాస్త్రవేత్త కూడా రావాలి. పూర్వ విద్యార్థులు నెట్ పాత ప్రశ్నపత్రాలు, పుస్తకాలు హాస్టల్ లైబ్రరీకి పంపితే అదే పెద్ద సాయం. జూనియర్లారా, దారి ఉంది. అడుగు వేయండి!