గాల్‌బ్లాడర్ ఆపరేషన్: మధ్యలో ప్లాన్ మార్చారంటే విఫలమైనట్టేనా?

పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ అంటే నాలుగు చిన్న గాట్లు, ఒకట్రెండు రోజుల్లో ఇంటికి. చాలామంది విషయంలో జరిగేదీ ఇదే. 1985లో జర్మనీ సర్జన్ ఎరిక్ మ్యూహె మొదలుపెట్టిన ఈ ల్యాపరోస్కోపిక్ పద్ధతిని, 1990లో ముంబయిలో డాక్టర్ తెహెమ్‌టన్ ఉద్వాడియా భారత్‌కు పరిచయం చేశారు.

కొందరికి మాత్రం మత్తు వదిలేసరికి పొట్టపై పొడవాటి కోత కనిపిస్తుంది. మరికొందరికి 'కొంత భాగం లోపలే ఉంచాం' అని డాక్టర్ చెబుతారు. ఆపరేషన్ చెడిపోయిందేమోనని కుటుంబం కంగారుపడుతుంది. చాలాసార్లు అది రోగిని కాపాడిన నిర్ణయం.

కష్టం ఎక్కడ?

పిత్తాశయాన్ని తీయాలంటే దాని నాళాన్ని, ధమనిని క్లిప్పులతో మూసి కత్తిరించాలి. పక్కనే కాలేయం నుంచి పేగుకు పైత్యరసాన్ని చేరవేసే ప్రధాన నాళం ఉంటుంది. వాపు ముదిరితే ఇవన్నీ అతుక్కుపోయి, ఏది ఏదో పోల్చుకోలేని పరిస్థితి వస్తుంది. పొరపాటున ప్రధాన నాళం తెగితే కామెర్లు, ఇన్‌ఫెక్షన్లు, మరో పెద్ద ఆపరేషన్ తప్పకపోవచ్చు. ఇది అరుదే అయినా, ఆ రోగిని ఏళ్ల తరబడి వేధిస్తుంది.

అందుకే 1995లో అమెరికా సర్జన్ స్టీవెన్ స్ట్రాస్‌బర్గ్ 'క్రిటికల్ వ్యూ ఆఫ్ సేఫ్టీ' సూత్రాన్ని ప్రతిపాదించారు. ఆ ప్రాంతంలోని కొవ్వు, పొరలు తొలగించాలి. పిత్తాశయం కింది భాగాన్ని కాలేయం నుంచి విడదీయాలి. పిత్తాశయంలోకి రెండే గొట్టాలు వెళ్తున్నట్టు కనిపించాలి. ఈ మూడూ కుదిరేదాకా దేన్నీ కత్తిరించకూడదు.

కుదరకపోతే?

ముందు ఆగాలి. మరో సర్జన్‌ను పిలవొచ్చు. నాళాల్లోకి మందు పంపి ఎక్స్‌రే తీయొచ్చు. అప్పటికీ స్పష్టత రాకపోతే సబ్‌టోటల్ పద్ధతి ఉంది. పిత్తాశయాన్ని తెరిచి రాళ్లు తీసేసి, ప్రమాదకరమైన మెడ భాగాన్ని వదిలి మిగతాది తొలగిస్తారు. దీనివల్ల కొన్ని రోజులు పైత్యరసం కారొచ్చు. మిగిలిన భాగంలో ఎప్పుడైనా మళ్లీ రాళ్లు రావొచ్చు. అయితే, ప్రధాన నాళం తెగడంతో పోలిస్తే ఇవి చిన్న సమస్యలే.

పొట్ట కోసి చేయడం మరో మార్గం. కానీ కోత పెద్దదైనంత మాత్రాన అతుకులు విడిపోవు. పైగా ల్యాపరోస్కోపీ కాలంలో శిక్షణ పొందిన సర్జన్లకు ఆ అనుభవం తక్కువే. 2018 టోక్యో మార్గదర్శకాలు ఈ రెండింటినీ ప్రమాదం నుంచి బయటపడే మార్గాలుగానే చూస్తాయి.

రోగులు ఏం చేయాలి?

ఆపరేషన్‌కు ముందే 'కష్టమైతే ఏం చేస్తారు?' అని అడగాలి. తర్వాత డిశ్చార్జ్ సమ్మరీలో 'సబ్‌టోటల్' అని రాశారేమో చూసి, ఆ కాగితాన్ని భద్రపరచుకోవాలి. ఏళ్ల తర్వాత కుడివైపు నొప్పో, కామెర్లో వస్తే కొత్త డాక్టర్‌కు ముందుగా కావాల్సింది అదే.